రెండుసార్లు కరిగిన పదార్థం

కెమిస్ట్రీ ప్రయోగశాలలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థికీ ఈ ప్రయోగం పరిచయమే. ఒక చివర మూసిన సన్నని గాజు కేశనాళికలో చిటికెడు పొడి వేస్తాం. దాన్ని థర్మామీటరుకు కట్టి, ద్రవ పారఫిన్‌లో ముంచి, మెల్లగా వేడి చేస్తాం. పొడి కరిగి తేటగా మారిన క్షణాన ఉష్ణోగ్రత చూసి రికార్డులో రాసుకుంటాం. శుద్ధమైన పదార్థానికి ద్రవీభవన స్థానం ఒక్కటే ఉంటుంది, అది కచ్చితంగా ఉంటుంది. కల్తీ ఉంటే ఆ ఉష్ణోగ్రత తగ్గుతుంది, కొన్ని డిగ్రీల మేర సాగుతుంది. పాఠ్యపుస్తకం చెప్పే సూత్రం ఇది.

మరి శుద్ధమైన పదార్థమే రెండుసార్లు కరిగితే? రికార్డులో ఏ అంకె రాయాలి?

ఈ సమస్య 1888లో నిజంగానే ఒక శాస్త్రవేత్తకు ఎదురైంది. ఆయన రెండు అంకెలూ రాశారు. ఆ రెండో అంకెను కొట్టివేయకపోవడం వల్లనే ఈనాటి కాలిక్యులేటర్, చేతి గడియారం, లాప్‌టాప్ తెరల వెనుక ఉన్న విజ్ఞానం మొదలైంది. ఆ కథలో మరో విశేషం కూడా ఉంది. ఒక నియమం విరిగిన చోట ఇంకో నియమం పుట్టింది. డెబ్బయి ఏళ్ళ తరువాత ఆ రెండో నియమానికి కూడా హద్దు కనిపించింది. ఆ హద్దును చూపించింది బెంగుళూరులోని ఒక ప్రయోగశాల.

వృక్షశాస్త్రజ్ఞుడి సందేహం

ఫ్రెడరిక్ రైనిట్జర్ వృక్షశాస్త్రజ్ఞుడు. ప్రాగ్ నగరంలోని జర్మన్ విశ్వవిద్యాలయంలో పనిచేసేవారు. కొలెస్టరాల్‌తో తయారయ్యే సమ్మేళనాలను ఆయన పరిశీలిస్తున్నారు. వాటిలో ఒకటి కొలెస్టరిల్ బెంజోయేట్. దాన్ని వేడి చేస్తే 145.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగింది. కాని వచ్చిన ద్రవం తేటగా లేదు, పాలు కలిపినట్టు మసకగా ఉంది. ఇంకా వేడి చేస్తే 178.5 డిగ్రీల దగ్గర ఆ మసక ఒక్కసారిగా పోయి తేట ద్రవం మిగిలింది. చల్లారుస్తూ వస్తే అదే వరుస వెనక్కి నడిచింది. మధ్యలో నీలి, ఊదా రంగులు మెరిశాయి.

మొదట ఎవరికైనా కల్తీ అనే అనుమానం వస్తుంది. అయితే ఎంత శుద్ధి చేసినా ఆ రెండు ఉష్ణోగ్రతలూ మారలేదు. రైనిట్జర్ 1888 మార్చిలో ఈ విషయాన్ని వివరిస్తూ, నమూనాలు జతచేసి, ఒట్టో లేమన్ అనే జర్మన్ భౌతికశాస్త్రజ్ఞుడికి ఉత్తరం రాశారు. లేమన్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. పదార్థాన్ని వేడి చేస్తూనే ధ్రువిత కాంతిలో చూడగల సూక్ష్మదర్శినిని ఆయన తయారు చేసుకున్నారు.

ధ్రువిత కాంతిలో చూస్తే ఏమి తెలుస్తుంది? నీరు, నూనె వంటి మామూలు ద్రవాల్లో అణువులు అన్ని దిక్కులకూ చెల్లాచెదురుగా తిరిగి ఉంటాయి. ఒకదానికొకటి లంబంగా పెట్టిన రెండు ధ్రువణ ఫలకాల మధ్య వాటిని ఉంచితే చీకటే కనిపిస్తుంది. చాలా స్ఫటికాల్లో అణువుల అమరిక వల్ల కాంతి ఒక్కో దిక్కులో ఒక్కో తీరున ప్రయాణిస్తుంది. అందుకని అవే ఫలకాల మధ్య అవి రంగులతో వెలుగుతాయి. రైనిట్జర్ పంపిన మసక పదార్థం నీళ్ళలా పారుతూనే స్ఫటికంలా వెలిగింది! 1889లో లేమన్ దీనిపై ‘ప్రవహించే స్ఫటికాలు’ అనే పేరుతో వ్యాసం ప్రచురించారు. తరువాత ‘ద్రవ స్ఫటికాలు’ అనే పేరు స్థిరపడింది.

పేరులోనే వైరుధ్యం ఉంది కదా! ఆనాటి పెద్దలు చాలామందికి అది నచ్చలేదు. గుస్టాఫ్ టామ్మన్ వంటి ప్రముఖ రసాయన శాస్త్రజ్ఞులు ఇది ఒకే పదార్థం కాదన్నారు. నీటిలో నూనె బిందువులు తేలినట్టు రెండు పదార్థాలు కలిసిన ఎమల్షన్ వల్లనే మసక వస్తోందని వాదించారు. ఈ వాదన ఏళ్ళ తరబడి నడిచింది.

దాన్ని తేల్చడానికి తోడ్పడినది కర్బన రసాయనశాస్త్రం. 1890లో లుడ్విగ్ గాటర్‌మన్ అనే రసాయనజ్ఞుడు పారా అజాక్సీ అనిసోల్ అనే సమ్మేళనాన్ని తయారు చేశారు. ఇది సుమారు 118 డిగ్రీల వద్ద మసక ద్రవంగా కరిగి, 135 డిగ్రీల వద్ద తేటపడుతుంది. ఇది జీవ పదార్థం నుంచి తీసింది కాదు, పూర్తిగా ప్రయోగశాలలో తయారైనది. దీని నిర్మాణం సరళం, శుద్ధి చేయడం సులువు. ఇలాంటి సమ్మేళనాలు ఒకటి తరువాత ఒకటి బయటపడుతూ ఉంటే అన్నిటినీ కల్తీ ఖాతాలో వేయడం కష్టమైంది.

ఏ అణువుకు ఆ గుణం?

అప్పుడు అసలు ప్రశ్న ముందుకు వచ్చింది. కర్బన సమ్మేళనాలు లక్షల్లో ఉన్నాయి. వాటిలో చాలా భాగం ఒక్కసారే కరుగుతాయి. కొన్ని మాత్రమే రెండుసార్లు ఎందుకు కరుగుతాయి?

దీనికి జవాబు వెతకడానికి జీవితంలో పెద్ద భాగం వెచ్చించిన వ్యక్తి డానియల్ ఫోర్లాండర్. జర్మనీలోని హాలే విశ్వవిద్యాలయంలో ఆయన, ఆయన విద్యార్థులు ఇరవయ్యో శతాబ్దం తొలి దశకం నుంచి వందల కొద్దీ కొత్త సమ్మేళనాలు తయారు చేశారు. ప్రతిదానినీ వేడి చేసి చూశారు. అణువులో ఒక ముక్క మారుస్తారు, మళ్ళీ చూస్తారు. ఇంకో ముక్క మారుస్తారు, మళ్ళీ చూస్తారు. ఈ ఓపికలోంచి 1907 ప్రాంతంలో ఒక నియమం తేలింది: అణువు ఎంత పొడవుగా, ఎంత తిన్నగా ఉంటే ద్రవ స్ఫటికం ఏర్పడే అవకాశం అంత ఎక్కువ.

పారా అజాక్సీ అనిసోల్‌నే చూడండి. రెండు బెంజీన్ వలయాలు, మధ్యలో నత్రజని పరమాణువులతో ఒక వంతెన, రెండు చివరలా చిన్న తోకలు. బెంజీన్ వలయానికి ఆరు మూలలు ఉంటాయి. వంతెన ఒక మూలలో, తోక సరిగ్గా దాని ఎదుటి మూలలో, అంటే పారా స్థానంలో ఉంటే అణువు మొత్తం కర్రలా తిన్నగా వస్తుంది. అదే తోకను ఒక మూల పక్కకు జరిపి మెటా స్థానంలో పెడితే అణువు మోచేయిలా వంగుతుంది. పరమాణువులు అవే, సంఖ్య అదే, బరువు అదే. కాని ఇలా వంగిన అణువుల్లో ద్రవ స్ఫటిక గుణం చాలావరకు మాయమవుతుంది.

కారణం ఊహించడం కష్టం కాదు. వర్షాకాలంలో గోదావరిలో కొట్టుకొచ్చే దుంగలను తలచుకోండి. అవి ఒకచోట నిలవవు. ఒకదాన్ని ఒకటి దాటుకుంటూ పోతాయి. అయినా గుంపుగా వచ్చేటప్పుడు ఇంచుమించు ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. పొడవైన అణువులూ అంతే. అవి పక్కపక్కనే ఉన్నప్పుడు వాటి మధ్య ఆకర్షణ నిలువునా పనిచేస్తుంది. అడ్డంగా తిరగడానికి చోటూ తక్కువే. వేడి చేసినప్పుడు మొదటి ఉష్ణోగ్రత దగ్గర స్ఫటికంలోని స్థానాల క్రమం చెదిరిపోతుంది, పదార్థం పారుతుంది. అయితే దిక్కుల క్రమం మిగిలి ఉంటుంది. రెండో ఉష్ణోగ్రత దగ్గర అదీ పోతుంది. రైనిట్జర్ రాసిన రెండు అంకెలకు అర్థం ఇదే. పదార్థం రెండుసార్లు కరగలేదు, దానిలోని రెండు రకాల క్రమాలు వేర్వేరుగా కరిగాయి.

1922లో ఫ్రాన్స్‌కు చెందిన జార్జి ఫ్రీడెల్ ఈ అమరికలను మూడు రకాలుగా వర్గీకరించారు. దిక్కు ఒకటే ఉండి స్థానాల క్రమం లేకపోతే నెమాటిక్. సూక్ష్మదర్శినిలో దారాల వంటి గీతలు కనిపించడం వల్ల గ్రీకు భాషలో దారం అనే మాట నుంచి ఈ పేరు వచ్చింది. దిక్కుతో పాటు అణువులు పొరలుగా కూడా సర్దుకుంటే స్మెక్టిక్. సబ్బు నీటిలో ఇలాంటి పొరలే ఉంటాయి కాబట్టి ఆ పేరు సబ్బుకు సంబంధించిన గ్రీకు మాట నుంచి వచ్చింది. అణువుల దిక్కు ఒక తలం నుంచి మరో తలానికి కొద్దికొద్దిగా తిరుగుతూ మెలి తిరిగిన మెట్ల వరుసలా సాగితే కొలెస్టెరిక్. రైనిట్జర్ పదార్థం ఈ మూడో జాతిది. కుడి ఎడమల భేదం ఉన్న అణువులే ఇలా మెలి తిరుగుతాయి.

తోక పొడవు చెప్పే కథ

ఫోర్లాండర్ తరువాత ఈ విషయాన్ని క్రమబద్ధం చేసినవారు జార్జి గ్రే. ఇంగ్లండులోని హల్ నగరంలో 1947 నుంచి పనిచేసిన ఈ స్కాట్లండు రసాయనజ్ఞుడు పారా ఆల్కాక్సీ బెంజోయిక్ ఆమ్లాల వంటి వాటితో మొదలుపెట్టారు. ఇక్కడ ఒక చమత్కారం ఉంది. ఈ ఆమ్లంలో ఒక్కో అణువుకు బెంజీన్ వలయం ఒక్కటే. కాని రెండు అణువులు ఆమ్ల సమూహాల దగ్గర హైడ్రోజన్ బంధాలతో చేతులు కలుపుతాయి. అప్పుడు పొడవు రెట్టింపు అవుతుంది, కర్ర తయారవుతుంది.

అణు నిర్మాణానికీ ద్రవ స్ఫటిక ధర్మాలకూ ఉన్న సంబంధంపై గ్రే రాసిన పుస్తకం 1962లో వెలువడింది. ఈ రంగంలో తేలిన సంగతులను మూడు మాటల్లో చెప్పవచ్చు. ఒకటి, అణువు నడుమ భాగం బిరుసుగా ఉండాలి. రెండు, చివర తోకలు పొట్టిగా ఉంటే నెమాటిక్, పొడవు పెరిగితే స్మెక్టిక్ వచ్చే మొగ్గు ఉంటుంది. మూడు, కర్రకు పక్కన ఒక క్లోరినో, మిథైల్ సమూహమో ముల్లులా పొడుచుకు వస్తే అణువులు దగ్గరగా చేరలేవు. అప్పుడు తేటపడే ఉష్ణోగ్రత సాధారణంగా పడిపోతుంది.

అప్పటికి ఈ విజ్ఞానం ఎవరికి కావాలి? ద్రవ స్ఫటికాల మీద పనిచేసేవారు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే. అయితే 1968 మే నెలలో అమెరికాలోని ఆర్.సి.ఎ. సంస్థ ద్రవ స్ఫటికాలతో అంకెలు, బొమ్మలు చూపే పలకలను ప్రకటించింది. జార్జి హైల్‌మయర్ బృందం సాధించిన ఫలితం ఇది. 1970-71లో స్విట్జర్లాండులో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిక్ ఇంకా మెరుగైన పద్ధతి కనిపెట్టారు. రెండు గాజు పలకల మధ్య నెమాటిక్ ద్రవాన్ని పలచని పొరగా నింపి, అణువుల దిక్కు ఒక పలక నుంచి మరో పలకకు 90 డిగ్రీలు మెలి తిరిగేలా చేస్తారు. ధ్రువిత కాంతి ఆ మెలికను అనుసరించి తానూ తిరిగి బయటకు వస్తుంది. కొద్ది వోల్టుల విద్యుత్తు ఇస్తే అణువులు పలకలకు లంబంగా నిలబడతాయి, మెలిక పోతుంది, కాంతి ఆగిపోతుంది. కాలిక్యులేటర్ మీద నల్లని అంకె కనిపిస్తుంది.

పద్ధతి దొరికింది కాని పదార్థం దొరకలేదు! వంద డిగ్రీలు దాటాక పనిచేసే ద్రవంతో గడియారం చేయలేం కదా. 1969లో జర్మనీలో హాన్స్ కెల్కర్ తయారు చేసిన ఎం.బి.బి.ఎ. అనే సమ్మేళనం సుమారు 22 నుంచి 47 డిగ్రీల వరకు నెమాటిక్‌గా ఉంటుంది. గది ఉష్ణోగ్రతకు సరిపోతుంది. అయితే దానిలోని రెండు బెంజీన్ వలయాలను కలిపే వంతెన కర్బనం, నత్రజని మధ్య ద్విబంధంతో తయారైనది. తేమ తగిలితే ఆ వంతెన తెగిపోతుంది. అణువు రెండు ముక్కలవుతుంది, తెర పాడవుతుంది.

గ్రే ముందున్న సమస్య ఇదే. వంతెనల్లో కొన్ని తేమకు లొంగుతాయి. కొన్ని వెలుతురుకు మారిపోతాయి. కొన్నిటికి రంగు ఉంటుంది. ఆయన ఎంచుకున్న మార్గం సులువుగా కనిపిస్తుంది: బలహీనమైనది వంతెన అయితే వంతెననే తీసివేద్దాం. రెండు బెంజీన్ వలయాలను నేరుగా కలిపితే వచ్చేది బైఫినైల్. దానికి ఒక చివర సయనో సమూహం, మరో చివర అయిదు కర్బనాల తోక. సయనో సమూహం వల్ల అణువుకు నిలువునా బలమైన ద్విధ్రువం వస్తుంది, విద్యుత్తుకు చటుక్కున స్పందిస్తుంది. 1972లో తయారై, 1973లో ప్రకటితమైన ఈ పదార్థాన్ని క్లుప్తంగా 5సిబి అంటారు. ఇది 24 డిగ్రీల నుంచి 35 డిగ్రీల వరకు నెమాటిక్. రంగు లేదు, తేమకు లొంగదు.

తోకలో కర్బనాల సంఖ్య మారిస్తే ఏమవుతుందో గమనించండి. అయిదు కర్బనాలుంటే తేటపడే ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు, ఆరు ఉంటే 29, ఏడు ఉంటే 43, ఎనిమిది ఉంటే 40. తోక పెరుగుతూ ఉంటే అంకెలు తగ్గుతూ, పెరుగుతూ ఎందుకు పోతున్నాయి? కర్బన గొలుసు తిన్నగా ఉండదు, వంకర టింకరగా సాగుతుంది. ఇక్కడ బేసి సంఖ్య ఉన్నప్పుడు చివరి బంధం కర్ర దిశలోనే నిలుస్తుంది. సరి సంఖ్య ఉన్నప్పుడు పక్కకు తిరుగుతుంది. ఒక్క కర్బనం చివర ఎటు చూస్తున్నదన్నది కొన్ని డిగ్రీల తేడా తెస్తుంది. ఎనిమిది కర్బనాల సమ్మేళనంలో నెమాటిక్ కంటే ముందు స్మెక్టిక్ దశ కూడా కనిపిస్తుంది. తోక పొడవు గురించిన సూత్రానికి ఇది చక్కని ఉదాహరణ.

11 డిగ్రీల పరిధి కూడా గడియారానికి చాలదు. అక్కడ మన కేశనాళిక పాఠమే ఉపయోగపడింది: పదార్థాలు కలిస్తే కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. మాల్వర్న్‌లోని బ్రిటిష్ రక్షణ పరిశోధనశాలలో పీటర్ రేన్స్ లెక్కకట్టి నాలుగు సమ్మేళనాలను తగిన పాళ్ళలో కలిపారు. ఇ7 అనే ఆ మిశ్రమం సుమారు సున్నాకు దిగువ 10 డిగ్రీల నుంచి 60 డిగ్రీల వరకు పనిచేసింది. ప్రయోగశాలలో దోషంగా చూసే కల్తీ ఇక్కడ గుణంగా మారింది.

కర్ర కాకపోతే బిళ్ళ

ఇంత విజయం తరువాత ‘ద్రవ స్ఫటికం కావాలంటే అణువు కర్రలా ఉండాలి’ అన్నది ప్రశ్నించనవసరం లేని మాట అయింది. ఫోర్లాండర్ ఆకుల వంటి చదునైన అణువులను కూడా పరిశీలించారు. వాటిలో ఆయనకు ఏమీ కనిపించలేదు. దానితో ఆ దారి మూసుకుపోయింది.

దాన్ని తెరిచినవారు శివరామకృష్ణ చంద్రశేఖర్. ఆయన సి.వి. రామన్‌కు మేనల్లుడు. మైసూరు విశ్వవిద్యాలయంలో పనిచేసి, 1971లో బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థకు వచ్చి ద్రవ స్ఫటికాల ప్రయోగశాల నెలకొల్పారు. ఒక్కసారి నియమాన్ని పక్కన పెట్టి దాని కారణాన్ని చూడండి. అణువు పొడవుగా ఉండటం ముఖ్యమా, లేక ఒక దిక్కులో ఒకలా, ఇంకో దిక్కులో ఇంకోలా ఉండటం ముఖ్యమా? రెండోదే ముఖ్యమైతే కర్ర ఎంత పనికొస్తుందో బిళ్ళ కూడా అంత పనికి రావాలి. నాణేలను దొంతరగా పేర్చవచ్చు కదా!

చంద్రశేఖర్, బి.కె. సదాశివ, కె.ఎ. సురేష్ ఎంచుకున్న అణువులో బెంజీన్ వలయం ఒక్కటే. దాని ఆరు మూలలా ఆరు కర్బన గొలుసులు, ఎస్టర్ బంధాలతో తగిలించి ఉంటాయి. నడుమ చదునైన బిరుసు బిళ్ళ, చుట్టూ మెత్తని తోకలు. వీటిలో కొన్ని సమ్మేళనాలు కరిగి, తేటపడే లోపల ఒక మధ్య దశ చూపాయి. ఎక్స్ కిరణాలతో పరీక్షిస్తే బిళ్ళలు ఒకదానిపై ఒకటి చేరి స్తంభాలుగా నిలుస్తున్నాయని, ఆ స్తంభాలు పక్కపక్కన షడ్భుజాకార క్రమంలో సర్దుకుంటున్నాయని తేలింది. 1977లో ఈ ఫలితం బెంగుళూరు నుంచే వెలువడే ‘ప్రమాణ’ పత్రికలో అచ్చయింది. ఒక కొత్త జాతి ద్రవ స్ఫటికాలు మన దేశంలో కనుగొన్నారు, మన దేశపు పత్రికలోనే ప్రకటించారు. వీటిని డిస్కోటిక్‌లు అంటారు. 1990ల మధ్య నుంచి ఇటువంటి అణువులతో చేసిన పలచని పొరలను ద్రవ స్ఫటిక తెరలకు అతికించసాగారు. పక్క నుంచి చూసినా బొమ్మ వెలవెలబోకుండా అవి కాపాడతాయి.

తెలుగు నేలపై కూడా ఈ పరిశోధన సాగింది. గుంటూరు సమీపంలోని నాగార్జున విశ్వవిద్యాలయంలో 1980ల నుంచి ఎం.బి.బి.ఎ. కుటుంబానికే చెందిన సమ్మేళనాలను వరుసగా తయారు చేసి, తోక పొడవు మారుతున్న కొద్దీ దశలు ఎలా మారుతాయో సాంద్రత కొలతల ద్వారా పరిశీలించారు. హాలేలో మొదలైన ఓపిక పని ఇక్కడా కొనసాగిందన్నమాట.

పాత నమూనా చెప్పిన జవాబు

కథ అక్కడితో ఆగలేదు. మోచేయిలా వంగిన అణువులు పనికిరావన్న మాట మిగిలి ఉంది కదా. 1996లో జపాన్‌లోని టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రవేత్తలు అరటిపండులా వంగిన అణువులు కూడా ద్రవ స్ఫటికాలు అవుతాయని, పైగా విద్యుత్ క్షేత్రంలో కర్రల వంటి అణువులు సాధారణంగా చూపని కొత్త గుణాలు చూపుతాయని ప్రకటించారు. కుడి ఎడమల భేదం లేని అణువులు పొరల్లో సర్దుకునే తీరు వల్లనే ఆ గుణం పొందుతున్నాయి. అప్పటి నుంచి ‘అరటిపండు అణువులు’ అనే కొత్త శాఖే ఏర్పడింది.

ఈ వార్త తరువాత హాలే శాస్త్రవేత్తలు తమ విశ్వవిద్యాలయంలోనే భద్రంగా ఉన్న ఫోర్లాండర్ కాలపు పాత పదార్థాలను మళ్ళీ పరీక్షించారు. వంగిన అణువులను కూడా ఆయన బృందం అప్పట్లో తయారు చేసింది. వాటిలో ఒక అసలు నమూనాలోనే ‘అరటిపండు’ దశ ఉన్నట్టు 2001లో ప్రకటించారు. అంటే డెబ్బయి ఏళ్ళుగా జవాబు అక్కడే ఉంది. ప్రశ్న మారేదాకా అది ఎవరికీ కనిపించలేదు!

ఇందులో ఫోర్లాండర్‌ను తప్పుపట్టవలసింది లేదు. ఆయన నియమం లేకపోతే గ్రే అణువు లేదు, ఈనాటి తెరలూ లేవు. నియమం దారి చూపుతుంది. కాని నియమానికి ఒక కారణం ఉంటుంది, ఆ కారణం నియమం కంటే పెద్దది. పొడవైన కర్ర అన్నది నియమం. దిక్కును బట్టి మారే ఆకారం అన్నది కారణం. శుద్ధ పదార్థానికి ఒకే ద్రవీభవన స్థానం అన్నది నియమం. క్రమం ఎన్ని విధాలుగా చెదిరితే అన్ని మార్పులు కనిపిస్తాయన్నది కారణం.

ఈసారి మీ కేశనాళికలోని పొడి పుస్తకంలో చెప్పినట్టు కరగకపోతే పక్కవారి రికార్డు చూసి అంకె దిద్దకండి. కల్తీ ఉందేమో మొదట చూసుకోండి. చాలాసార్లు కారణం అదే. మళ్ళీ శుద్ధి చేయండి, మళ్ళీ వేడి చేయండి. అయినా అదే ఫలితం వస్తే చూసింది చూసినట్టు రాసుకోండి. రైనిట్జర్ చేసింది అంతే.